పుస్తకమూ బెంచీ



పి.యు.సి.లో మాకు పాఠం చెప్పిన మాస్టారి జ్ఞాపకార్థం ఈ సభ. ఆయన పేరు ఆహ్వానపత్రం మీద ఉంది, నా వెనక బ్యానరు మీదా ఉంది. ఆయన ఉండి ఉంటే ముందు ఆ రెండింటిలో అచ్చుతప్పులు వెతికేవారు. తర్వాత వెనక వరసలో కూర్చుని, ఉపన్యాసం నలభై నిమిషాలు దాటగానే గొడుగు తీసుకుని లేచేవారు. ఆ గొడుగు నా కళ్లముందే ఉంది కనుక త్వరగా విషయంలోకి వస్తాను.

మూడు నెలల కింద అమెరికా నుంచి మా అబ్బాయి ఒక కాగితం ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాడు. మా మనవరాలు అక్కడ తొమ్మిదో తరగతి. బడి వాళ్లు తల్లిదండ్రులకు రాసిన ఉత్తరం అది. ఈ ఏడాది క్లాసులో మార్క్ ట్వేన్ రాసిన 'హకల్‌బెరీ ఫిన్' చదివిస్తాం, అందులో నల్లజాతివారిని నీచంగా పిలిచే మాట పదేపదే వస్తుంది, మీకు అభ్యంతరముంటే అమ్మాయికి వేరే పుస్తకం ఇస్తాం అని సారాంశం. కింద సంతకానికి చోటు. "నాన్నా, నువ్వు ముప్పై ఏళ్లు ఇంగ్లీషు చెప్పావు కదా, పెట్టమంటావా?" అని అడిగాడు. సంతకం వాడు మర్నాడే పెట్టేశాడు. నా ఆలోచనే ఇంకా తెమలలేదు. ఈ సభ వాళ్లు విషయం ఏమిటని అడిగితే ఇదే చెప్పాను.

మొదటే ఒక మాట. ఆ పుస్తకంలో రెండు వందల సార్లకు పైగా వచ్చే ఆ తిట్టును నేను ఈ వేదిక మీద పలకను. భయపడి కాదు. మన చెవికి అది ఉత్త శబ్దం. మన తాతముత్తాతలెవరినీ ఆ మాటతో కట్టెయ్యలేదు, అమ్మలేదు. నేను దాన్ని పలికితే నాకేమీ ఖర్చు కాదు. ఖర్చు లేని చోట ధైర్యం చూపించడం నాకు చిన్నతనంగా ఉంటుంది. మన దగ్గర అలాంటి మాటలే వేరే ఉన్నాయి. వాటి దగ్గరికి తర్వాత వస్తాను.

నేను హక్‌ను మొదట చదివింది ఎనిమిదో తరగతిలో, నాన్‌డిటెయిల్డుగా. వంద పేజీలైనా లేని పుస్తకం. నది, తెప్ప, పారిపోయిన కుర్రాడు, వాడితో ఒక పెద్దమనిషి జిమ్. తిట్టు ఒక్కటీ లేదు. బానిసత్వం కూడా దాదాపు లేదనే చెప్పాలి. జిమ్ ఎందుకు పారిపోతున్నాడో మాకెవరికీ పట్టలేదు. గోదావరి ఒడ్డు పిల్లలం, తెప్ప చాలు మాకు. ఆ వేసవిలో అరటిబోదెలు కట్టి మేమూ ఒక తెప్ప చేశాం. అది పావుగంట తేలింది.

కాబట్టి శుభ్రం చేసిన పుస్తకం ఎలా ఉంటుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2011లో అలబామాలోని ఒక ప్రచురణ సంస్థ, ఆలన్ గ్రిబెన్ అనే ట్వేన్ పండితుడి సంపాదకత్వంలో, ఆ తిట్టు ఉన్న ప్రతిచోటా 'బానిస' అనే అర్థమిచ్చే మాట పెట్టి పుస్తకం వేసింది. అమెరికా అంతటా గగ్గోలు పుట్టింది. పత్రికలు గ్రిబెన్‌ను ఎగతాళి చేశాయి. నాకు మాత్రం ఆయన మీద కోపం రాలేదు. ఈ పుస్తకం చెప్పాలని ఉంది కానీ ఈ మాటతో చెప్పలేకపోతున్నాం అని బడిపంతుళ్లు తనతో అన్నారనీ, అందుకే ఈ పని చేశాననీ ఆయన చెప్పుకున్నారు. పాఠం చెప్పేవాడి బాధ ఎగతాళి చెయ్యదగింది కాదు.

అయితే మందు తప్పు. ఎందుకు తప్పో పుస్తకమే చెబుతుంది. హక్ తండ్రి ఉన్నాడు కదా, తాగుబోతు, చదువు రానివాడు, కొడుకు చదువుకుంటుంటే ఓర్వలేనివాడు. ఆరో అధ్యాయంలో తాగి ప్రభుత్వాన్ని తిట్టిపోస్తాడు. కారణం ఏమిటంటే ఒహాయో నుంచి వచ్చిన ఒక నల్లజాతి ఆచార్యుణ్ణి చూశాడు. తెల్లటి చొక్కా, బంగారు గడియారం, వెండిపొన్ను కర్ర. రకరకాల భాషలు వచ్చినవాడు. పైగా తన రాష్ట్రంలో ఓటు వేయగలవాడు! ఇక తాను జన్మలో ఓటే వెయ్యనని హక్ తండ్రి శపథం చేస్తాడు. ఆ ఆచార్యుడు స్వతంత్రుడు. ఎవరికీ బానిస కాడు. అయినా ఆ తాగుబోతు అతన్ని ఆ మాటతోనే పిలుస్తాడు. అక్కడ 'బానిస' అనే మాట ఎలా అతుకుతుంది? సంకెళ్లు తెగాక కూడా మనిషిని వదలని మాట అది. దాని విషమంతా అందులోనే ఉంది. బానిసత్వం 1865లో చట్టప్రకారం పోయింది, పుస్తకం అమెరికాలో 1885లో వచ్చింది. ఇరవై ఏళ్ల తర్వాత కూడా ట్వేన్ ఆ మాటను ఎందుకు పట్టుకుని వేలాడాడో ఆ తాగుబోతు పేజీలో దొరుకుతుంది.

ఈ పుస్తకం మీద నిషేధాల చరిత్ర కూడా చిత్రమైంది. 1885 మార్చిలోనే మసాచుసెట్స్‌లోని కాంకర్డ్ గ్రంథాలయం దీన్ని అల్మారాలోంచి తీసేసింది. నల్లవాళ్లను అవమానించిందని మాత్రం కాదు. మోటు భాష, మర్యాద లేని కుర్రాడు, అబద్ధాలు, దొంగతనాలు, పెద్దింటి పిల్లలు చదవదగింది కాదు! ఆ కమిటీ పెద్దల్లో ఎవరికీ ఆ మాట కంట్లో నలుసుగా కూడా తగల్లేదు. ట్వేన్ సంబరపడ్డాడట, ఈ నిషేధంతో పాతికవేల ప్రతులు ఎక్కువ అమ్ముడుపోతాయని. డెబ్బై ఏళ్లు గడిచి, 1957లో న్యూయార్క్ విద్యామండలి చిన్న తరగతుల పాఠ్యపుస్తకాల జాబితా నుంచి తీసేసేనాటికి అభ్యంతరం మారిపోయింది. అసలు మారింది బెంచీల మీద కూర్చున్న పిల్లలు. బడుల్లో జాతివేర్పాటు చెల్లదని 1954లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక మరిన్ని బడుల్లో నల్లపిల్లలు తెల్లపిల్లల పక్కన కూర్చోవడం మొదలైంది. అంతకుముందు ఆ మాట వినపడితే తల తిప్పి చూడటానికి చాలా క్లాసుల్లో ఎవరూ లేరు. ఇప్పుడున్నారు.

1982లో వర్జీనియాలో ఇంకో సంగతి జరిగింది. జాన్ వాలెస్ అనే నల్లజాతి విద్యాధికారి ఈ పుస్తకాన్ని తీసెయ్యాలన్నారు. ఆయన పనిచేస్తున్న బడి పేరు మార్క్ ట్వేన్ ఇంటర్మీడియట్ స్కూల్. మాస్టారు ఈ వార్త చదివి పడీపడీ నవ్వారు. ఆ తర్వాత నవ్వు ఆపి, "ఆయన చెప్పేది ముందు వినాలి కదరా" అన్నారు.

వినే పని నల్లజాతి రచయిత్రి టోనీ మారిసన్ దగ్గర మొదలుపెడదాం. 1996లో ఈ నవల ఆక్స్‌ఫర్డ్ ముద్రణకు ఆమె ముందుమాట రాశారు. చిన్నప్పుడు ఈ పుస్తకం చదివితే తనకు కలిగిన కలవరం, బెదురు దాచుకోకుండా చెప్పారు. బడిలో పంతులుగారి ఆధ్వర్యంలో చదివినప్పుడూ అవి తగ్గలేదట. ఆ మాట గురించి క్లాసులో ఎవరూ మాట్లాడలేదు మరి. అంత చెప్పి కూడా, పుస్తకాన్ని తీసెయ్యడం పెద్దల మనశ్శాంతి కోసమే తప్ప పిల్లల చదువు కోసం కాదన్నట్టే తేల్చారు. పెద్దయ్యాక మళ్లీ మళ్లీ ఆ పుస్తకం దగ్గరికి వెళ్లారు. దెబ్బ తిన్న పాఠకురాలు ఇచ్చిన సాక్ష్యం అది. దెబ్బే తగలదని వాదించేవాళ్ల మాటకంటే నాకు అదే విలువైంది.

ఆరిజోనాలో టెంపే అనే ఊరు. అక్కడ తొమ్మిదో తరగతి అమ్మాయి తల్లి కోర్టుకెక్కింది. 'హకల్‌బెరీ ఫిన్', ఫాక్‌నర్ కథ 'ఎ రోజ్ ఫర్ ఎమిలీ' పాఠాలుగా పెట్టాక, తోటి విద్యార్థులు నల్లపిల్లల్ని అదే మాటతో వేధిస్తున్నారనీ, బడి వాళ్లకు చెప్పినా కదల్లేదనీ ఆమె ఫిర్యాదు. 1998లో అప్పీలు కోర్టు తీర్పు రెండు ముక్కలుగా వచ్చింది. పుస్తకం చదివించవద్దని మేము ఆజ్ఞ ఇవ్వం, అది ఒకటి. వరండాలో పిల్లల్ని ఆ మాటతో పిలుస్తుంటే తెలిసి కూడా బడి చేతులు ముడుచుకు కూర్చుంటే మాత్రం అది చట్టాన్ని మీరడమే, అది రెండు. ఈ విషయం మీద నేను చదివిన వ్యాసాలన్నిటికంటే ఆ తీర్పు తెలివైంది. అందరూ పుస్తకం గురించి కొట్టుకుంటుంటే ఆ జడ్జీలు తలుపు తీసి వరండాలోకి చూశారు.

ఇప్పుడు మన వరండాలోకి వద్దాం.

నేను ఏడో తరగతి. తెలుగు క్లాసు. వాచకంలో పాఠాన్ని వరసగా ఒక్కొక్కరం లేచి ఒక్కో పేరా పైకి చదవాలి. ఒక పేరాలో సామెత ఉంది, కులం పేరే తిట్టుగా ఉన్న సామెత. మీకు అలాంటివి ఒక డజను తెలిసే ఉంటాయి, నేను చెప్పక్కర్లేదు. ఆ పేరా ఎవరికి పడిందంటే ఆ కులం పిల్లవాడికే పడింది. వాడు అక్కడిదాకా గడగడా చదివి, ఆ మాట దగ్గర ఆగి, దాన్ని దాటేసి తర్వాతి వాక్యం అందుకున్నాడు. పంతులుగారు వాడికి చదవడం రాలేదనుకున్నారు. "వెనక్కి వెళ్లి మళ్లీ చదువు" అన్నారు. ఆయన చెడ్డవారు కాదు. నిజంగానే అలా అనుకున్నారు. వాడు మళ్లీ చదివాడు, ఈసారి ఆ మాటతో సహా. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను.

యాభై ఏళ్ల తర్వాత ఒక పెళ్లిలో వాడు కలిశాడు. రైల్వేలో చేసి రిటైరయ్యాడు. భోజనాల దగ్గర ఎలాగో ధైర్యం చేసి ఆ సంగతి ఎత్తాను. ఆ పాఠం పుస్తకంలో ఉండాల్సింది కాదు కదరా అన్నాను. వాడు పెరుగన్నం కలుపుకుంటూ, "పాఠం ఏమిటో నాకు గుర్తులేదురా. ఎవరెవరు నవ్వారో గుర్తుంది" అన్నాడు. తర్వాత పిల్లల ఉద్యోగాల గురించి మాట్లాడుకున్నాం.

మనకు 1989 నాటి అట్రాసిటీల నిరోధక చట్టం ఉంది. నలుగురి ఎదుట ఎస్సీ, ఎస్టీలను కులం పేరుతో దూషించడం నేరమని 2015 సవరణలో ఇంకా స్పష్టంగా రాశారు. వీధిలో అంటే నేరమైన మాట పుస్తకంలో అచ్చయితే ఏం చెయ్యాలి? 'కన్యాశుల్కం' నుంచి అలాంటి మాటలన్నీ ఏరేస్తే ఆ మాటలనే నోళ్ల నిజస్వరూపం మనకు కనపడకుండా పోతుంది. 'మాలపల్లి' అయితే పేరులోనే కులం ఉంది. 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణగారు ఆ పేరు పెట్టింది అవమానించడానికా, తల ఎత్తించడానికా? మద్రాసు ప్రభుత్వం నిషేధించింది కూడా ఆ పేరు చూసి కాదు, లోపలి రాజకీయం చూసి. కాంకర్డ్ పెద్దలకూ వీళ్లకూ అందులో చుట్టరికం ఉంది. అధికారులు నిషేధించేటప్పుడు ఎవరికి దెబ్బ తగులుతోందని చూడరు. తమకు తగులుతోందా అనే చూస్తారు.

అందుకే మాటలు లెక్కపెట్టి తీర్పు చెప్పే పద్ధతి నాకు నచ్చదు. 2020లో కాలిఫోర్నియాలోని బర్బాంక్‌లో ఆ తిట్టు మీద ఫిర్యాదులు వచ్చాక అయిదు పుస్తకాలను పాఠాల్లోంచి తీసేశారు. హక్ ఉంది, హార్పర్ లీ 'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్' ఉంది. మిల్‌డ్రెడ్ టేలర్ రాసిన 'రోల్ ఆఫ్ థండర్, హియర్ మై క్రై' కూడా ఉంది. టేలర్ నల్లజాతి రచయిత్రి. మిసిసిపీలో సొంత భూమి నిలబెట్టుకోవడానికి పోరాడే నల్లకుటుంబం కథ అది. ఆ మాట తిన్నవాళ్లు దాని గురించి రాసుకున్న పుస్తకాన్నీ, అన్నవాళ్ల నోటినుంచి వచ్చే పుస్తకాన్నీ ఒకే చీపురుతో ఊడ్చేశారు. అలాగని ఫిర్యాదు చేసిన తల్లుల మాట తేలిగ్గా తీసెయ్యలేం. వాళ్లు చెప్పింది కూడా వరండా సంగతే. చీపురు పట్టుకున్నవాళ్లు క్లాసే ఊడ్చారు.

అన్నీ నిషేధాలు కావు, ఆ తేడా కూడా చూడాలి. 1966లో వర్జీనియాలోని హానోవర్ కౌంటీ బోర్డు 'మాకింగ్‌బర్డ్' అనైతికమని తీసేస్తే, హార్పర్ లీ పత్రికకు ఉత్తరం రాసి, బోర్డు సభ్యుల్ని ఒకటో తరగతిలో చేర్పించే ఖర్చుకని కొంత డబ్బు జతచేసి పంపారు. ఆ బోర్డుకు అది తగిందే. 2018లో మిన్నెసోటాలోని డులూత్ చేసింది వేరు. హక్‌నూ 'మాకింగ్‌బర్డ్'నూ తప్పనిసరి జాబితా నుంచి తీసి, గ్రంథాలయంలో ఉంచారు. 2022లో వాషింగ్టన్ రాష్ట్రంలోని ముకిల్‌టియోలో 'మాకింగ్‌బర్డ్' తప్పనిసరిగా ఉండొద్దని అడిగింది స్వయంగా ఉపాధ్యాయులు. ఆ నవలలో నిందపడ్డ నల్లమనిషి టామ్ రాబిన్సన్ ఇంట్లో ఏం మాట్లాడుకుంటారో మనకు తెలియనే తెలియదు. మంచి తెల్ల లాయరు మంచితనం నిరూపించడానికే అతను చచ్చిపోయినట్టుంటుంది. అది సాహిత్య విమర్శ, దాన్ని నిషేధమని అరవడం అన్యాయం. ఏ పాఠమైనా ఏదో ఒకరోజు సిలబస్ నుంచి పోతుంది. నా ముప్పై ఏళ్లలో ఎన్నిటికో నీళ్లు వదిలాను, కొన్నిటికి సంతోషంగానే.

నాకు హక్ మీదా తగువు ఉంది. పదిహేనో అధ్యాయంలో పొగమంచులో తప్పిపోయి మళ్లీ కలిసినప్పుడు జిమ్‌ను మోసగించి ఆటపట్టించి, తర్వాత సిగ్గుపడి ఆ కుర్రాడు నల్లమనిషికి క్షమాపణ చెప్పుకుంటాడు. ఆ పేజీ దగ్గర ట్వేన్‌కు ఎవరైనా దణ్ణం పెట్టాల్సిందే. చివరి అధ్యాయాలకు వచ్చేసరికి హక్ స్నేహితుడు టామ్ సాయర్ దిగుతాడు. యజమానురాలు వీలునామా రాసి జిమ్‌ను అప్పటికే విడుదల చేసిందని తెలిసి కూడా, ఆట కోసం అతన్ని పాకలో బందీగానే ఉండనిస్తాడు. జిమ్ మళ్లీ బొమ్మ అయిపోతాడు. "తెప్ప దిగాక ట్వేన్ దారి తప్పాడు" అనేవారు మాస్టారు.

ట్వేన్ మంచివాడు కదా అని వాదించేవాళ్లున్నారు. నిజమే. ఈ నవల వచ్చిన 1885లోనే యేల్ లా స్కూల్‌లో వార్నర్ మెక్‌గిన్ అనే నల్లజాతి విద్యార్థి తిండి, వసతి ఖర్చు ఆయనే భరించాడు. ఆ మెక్‌గిన్ బాల్టిమోర్‌లో లాయరై, 1954 కేసు గెలిచిన థర్‌గుడ్ మార్షల్‌కు పెద్దదిక్కయ్యాడు. ఈ కథ నాకు చాలా ఇష్టం. కానీ క్లాసులో ఆ మాట చెవిన పడ్డ పిల్లకు, రాసినాయన దాత అని చెప్తే ఏం ఒరుగుతుంది?

ఆ పిల్లకు పనికొచ్చేది 2024లో వచ్చింది. పెర్సివల్ ఎవరెట్ అనే నల్లజాతి నవలాకారుడు 'జేమ్స్' రాశాడు. అదే నది, అదే తెప్ప, కథ చెప్పేది మాత్రం జిమ్. తెల్లవాళ్ల ముందు ఎలా నత్తినత్తిగా, తెలివితక్కువగా మాట్లాడాలో అతను బానిసల పిల్లలకు పాఠం చెబుతుంటాడు. ట్వేన్ జిమ్ యాస ఎందుకలా ఉందో నూట నలభై ఏళ్ల తర్వాత జవాబు వచ్చింది. పులిట్జర్ కూడా వచ్చింది. ట్వేన్ చదవకపోతే ఇందులో సగం చమత్కారం అందదు. ఇది చదివాక ట్వేన్ మునుపటిలా ఉండడు.

మా అబ్బాయితో ఫోన్లో చెప్పింది ఇంతే. చదవనీ. కానీ మూడు సంగతులు అడిగి తెలుసుకో అన్నాను. ఆ మాట పిల్లలచేత పైకి చదివిస్తారా, పక్కన ఇంకే పుస్తకం పెట్టారు, క్లాసులో నల్లపిల్లలు ఎంతమంది. మూడోది వాడికి అర్థం కాలేదు. "మన పిల్ల నల్లది కాదుగా నాన్నా" అన్నాడు. నేనేమీ అనలేదు. మనవరాలు వెనకనుంచి వింటోంది కాబోలు, "ఒక్కడే ఉన్నాడు తాతయ్యా" అంది.

మాస్టారి పాఠం ఒకటి చెప్పి కూర్చుంటాను. పి.యు.సి.లో ఆయన మాకు అసలు హక్ కొంత చదివి వినిపించారు, సిలబస్‌లో లేకపోయినా. ముప్పై రెండో అధ్యాయం. హక్ ఒక ఇంటికి వెళ్లి, ఎందుకు ఆలస్యమైందంటే అప్పటికప్పుడు ఒక అబద్ధం అల్లుతాడు, స్టీమరులో ఏదో పేలిందని. ఆ ఇంటావిడ, మంచి మనిషే, ఎవరికైనా దెబ్బలు తగిలాయా అంటుంది. లేదండీ, అని, చచ్చిన ఒకణ్ణి ఆ మాటతో చెబుతాడు హక్. పోనీలే, అదృష్టం, ఒక్కోసారి మనుషులకు తగులుతుంది అంటుందావిడ. మాస్టారు ఆ మాట దగ్గరికి రాగానే పుస్తకం కిందికి దించి, ఒక్క క్షణం ఆగి, దాన్ని పలక్కుండా ముందుకు వెళ్లారు. తర్వాత పుస్తకం మూసి అడిగారు. "ప్రమాదంలో ఎంతమంది పోయారు?"

"ఎవరూ పోలేదండీ" అన్నాం అందరం. ఆయన బోర్డు మీద పెద్ద సున్నా చుట్టారు. కుర్చీలో కూర్చున్నారు. ఏమీ మాట్లాడలేదు. కాసేపటికి వెనక బెంచీలోంచి ఎవరో, "ఒకరండీ" అన్నారు.

"ఎవరు?" అన్నారు మాస్టారు.

పుస్తకంలో అతనికి పేరు లేదు. అసలా మనిషే లేడు. హక్ అబద్ధంలో పుట్టి ఆ అబద్ధంలోనే చచ్చిపోయాడు. మేం తలలు దించుకుని కూర్చున్నాం. గంట కొట్టారు. మాస్టారు గొడుగు తీసుకుని వెళ్లిపోయారు. ఆ సున్నాను తర్వాతి పీరియడుకు వచ్చిన లెక్కల లెక్చరరుగారు తుడిచారు.